సభ వెబ్‌సైట్ ఒక్కరి మెడకే చుట్టుకోకుండా: ప్లగిన్లతో ఎలా నడపాలి

విశాఖపట్నం కళాభారతిలో శనివారం సాయంత్రం కచేరీ. శుక్రవారం రాత్రి పదిన్నరకు మా సంగీత సభ కార్యదర్శి గారి ఫోన్. “ఏటి బాబూ, మృదంగం ఆయన మారిపోయారు. సైట్‌లో ఇంకా పాత పేరే ఉంది. కాస్త మార్చీ మరి.” నేనప్పుడు గాజువాక నుంచి ఇంటికొస్తూ బస్సులో నిలబడి ఉన్నాను. ఒక చేతిలో కడ్డీ, ఇంకో చేతిలో ఫోన్. ఎన్ఏడీ జంక్షన్ దాటేలోపు పేరు మార్చేశాను. పట్టింది రెండు నిమిషాలే. కానీ ఆ రెండు నిమిషాల పని నేను తప్ప ఇంకెవరూ చేయలేకపోవడమే అసలు తంటా అని ఆ రాత్రి బాగా తెలిసొచ్చింది.

మీరు కూడా ఏ సంగీత సభకో, కాలనీ సంఘానికో, గ్రంథాలయానికో, పూర్వ విద్యార్థుల సంఘానికో “నువ్వు కంప్యూటర్ చూస్తావు కదా” అన్న ఒక్క కారణంతో వెబ్‌సైట్ బాధ్యత నెత్తికెత్తుకున్నవారైతే, ఇది మీ కోసమే. సైట్ వర్డ్‌ప్రెస్‌లో (సైట్లు తయారుచేసి నడిపే సాఫ్ట్‌వేర్) ఉందని, సొంత హోస్టింగ్ (సైట్‌ను ఉంచే అద్దె సర్వర్) తీసుకున్నారని అనుకుని రాస్తున్నాను. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్‌లో ఉచిత ప్లాన్ వాడుతుంటే ప్లగిన్లు (సైట్‌కు కొత్త పనులు చేర్చే చిన్న ప్రోగ్రాములు) పెట్టనివ్వరు, ముందు అది చూసుకోండి. కోడింగ్ రావాల్సిన పని లేదు. ఓపిక మాత్రం ఉండాలి, రెండు మూడు ఆదివారాలు పోతాయి.

ముందు కాగితం, తర్వాతే ప్లగిన్

ప్లగిన్ల డైరెక్టరీ తెరిస్తే వేల కొద్దీ కనిపిస్తాయి. పూర్ణా మార్కెట్‌కు చీటీ లేకుండా వెళ్లినట్టే, కొనాల్సింది మర్చిపోయి చేతికందిందల్లా సంచిలో వేసుకుని వస్తాం. అందుకని గత రెండు నెలల్లో సైట్ గురించి మీకు వచ్చిన ఫోన్లు, వాట్సాప్ మెసేజీలు గుర్తు చేసుకుని ఒక కాగితం మీద రాయండి. ఎవరు అడిగారు, ఏమడిగారు, అంతే.

మా కాగితంలో తేలినవి ఇవి. కార్యదర్శి గారికి కార్యక్రమాల ప్రకటనలు మార్చాలి. కోశాధికారి గారికి ఏటా లెక్కల పీడీఎఫ్ ఎక్కించాలి. సభ్యులకు పాత కచేరీల రికార్డింగులు కావాలి, అవి బయటివాళ్లకు వినపడకూడదు. అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్న మాత్రం “నా సభ్యత్వం ఎప్పటి వరకు ఉంది?” అన్నది. నేను ఊహించింది వేరు. సైట్ రంగులు బాగాలేవని, ఫొటోలు కదలడం లేదని అడుగుతారనుకున్నాను. ఒక్కరూ అడగలేదు. ఆ కాగితం రాయకపోతే ఫొటోలు కదిలించే ప్లగిన్ పెట్టి ఊరుకునేవాణ్ణి.

ఇప్పుడు అదే కాగితం రెండోవైపు మనుషుల్ని రాయండి. దారిన పోయేవారు ఏం చూడాలి, సభ్యులు ఏం చూడాలి, కార్యవర్గం ఏం చూడాలి, ఎవరు ఏం మార్చవచ్చు. నాలుగు గళ్లు గీస్తే చాలు. ఇక మీద చేసే ప్రతి పనికీ ఈ కాగితమే ఆధారం.

చేతులు పెట్టేముందు సరిచేయాల్సిన మూడు

మొదటిది బ్యాకప్. అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ అనే ప్లగిన్ ఉచితంగానే ఈ పని చేస్తుంది. డేటాబేస్ రోజుకోసారి, ఫైళ్లు వారానికోసారి గూగుల్ డ్రైవ్‌కు వెళ్లేలా పెట్టండి. బ్యాకప్ మీ ఇంట్లో హార్డ్ డిస్క్‌లో మాత్రమే ఉంటే అది బ్యాకప్ కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి మీద విరుచుకుపడ్డప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, నెట్ లేదు. కిటికీ అద్దాలు పగిలి లోపలికి కొట్టిన వానలో మా ఇంట్లో తడిసిన వాటిలో ఆ డిస్క్ ఒకటి. బ్యాకప్ తీయడం ఒక ఎత్తు, దాన్ని తిరిగి పెట్టగలగడం ఇంకో ఎత్తు. ఒకసారి ఖాళీ సైట్‌లో దాన్ని రీస్టోర్ చేసి చూశాకే ముందుకు వెళ్లండి.

రెండోది సమయం. సెట్టింగ్స్‌లో జనరల్ పేజీకి వెళ్లి టైమ్‌జోన్ దగ్గర కోల్‌కతా ఎంచుకోండి. కొత్త సైట్లు చాలాసార్లు యూటీసీ (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) మీదే ఉండిపోతాయి. అలా ఉంటే ఉదయం 6 గంటలకు రావాలని పెట్టిన ప్రకటన 11:30కి బయటపడుతుంది. నగర సంకీర్తన అయిపోయి అందరూ టిఫిన్లు కూడా చేసేశాక అన్నమాట.

మూడోది చిరునామా. తెలుగులో శీర్షిక పెడితే వర్డ్‌ప్రెస్ దాన్నే పేజీ లింకుగా మారుస్తుంది. ఇక్కడో మెలిక ఉంది. లింకులో ఒక్కో తెలుగు అక్షరం తొమ్మిది గుర్తులవుతుంది, గుణింతం గుర్తుకు వేరే తొమ్మిది, పొల్లుకు వేరే తొమ్మిది. మొత్తం 200 గుర్తులు దాటితే వర్డ్‌ప్రెస్ కోసేస్తుంది. “త్యాగరాజ ఆరాధనోత్సవాలు” అని రెండు మాటలు రాసేసరికే 190 నిండిపోతాయి. ఆ లింకును వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తులూ అంకెలూ కలగలిసి చేంతాడంత కనిపిస్తుంది, దాన్ని చూసి ఏదో వైరస్ అనుకుని ముట్టుకోనివాళ్లు మా సభలోనే ఉన్నారు. శీర్షిక తెలుగులోనే పెట్టండి, కానీ పక్క పట్టీలో స్లగ్ అని ఉన్నచోట ఇంగ్లిషు అక్షరాల్లో రెండు మూడు చిన్న మాటలు రాయండి. ఈ అలవాటు రేపు సైట్ చూసేవాళ్లందరికీ మొదటి రోజే నేర్పాలి, తర్వాత మారిస్తే పంపిన లింకులతో ఇబ్బంది.

ప్లగిన్‌ను ఎలా నమ్మాలి

పనిమనిషిని పెట్టుకునేముందు నాలుగిళ్లలో అడుగుతాం కదా, ఇదీ అలాంటిదే. ప్లగిన్ పేజీలో చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయింది, ఎన్ని సైట్లలో నడుస్తోంది, ఏ వర్డ్‌ప్రెస్ వెర్షన్ వరకు పరీక్షించారు అన్నవి రాసి ఉంటాయి. గత మూడు పెద్ద వెర్షన్లతో పరీక్షించనిదైతే పైన హెచ్చరిక పట్టీ కనిపిస్తుంది, అది కనిపిస్తే వెనక్కి వచ్చేయండి. సపోర్ట్ విభాగంలో జనం అడిగిన ప్రశ్నలకు తయారుచేసినవాళ్లు జవాబిస్తున్నారా లేదా చూడండి. నా లెక్కలో నక్షత్రాల కంటే ఇదే ముఖ్యం.

ఒకేసారి ఐదు పెట్టకండి. ఒకటి పెట్టండి, రెండు రోజులు చూడండి, తర్వాత ఇంకొకటి. ఏదైనా చెడితే ఎవరి వల్ల చెడిందో తెలియాలి కదా. వాడనిదాన్ని డీయాక్టివేట్ చేసి వదిలేయకుండా డిలీట్ చేయండి. ఆపేసి ఉంచిన పాత ప్లగిన్ ఫైళ్లు సర్వర్‌లోనే ఉంటాయి, లొసుగు ఉంటే అవి కూడా దొంగలకు దారే. మా సైట్‌లో ఇప్పుడు ఉన్నవి పది పన్నెండు. అంతకు మించి అవసరమని ఎవరైనా చెబితే కాగితం తీసి చూపిస్తాను.

రాసేవాళ్లకు ఏ హోదా ఇవ్వాలి

వర్డ్‌ప్రెస్‌లో పుట్టుకతోనే ఐదు హోదాలు ఉన్నాయి: అడ్మినిస్ట్రేటర్, ఎడిటర్, ఆథర్, కంట్రిబ్యూటర్, సబ్‌స్క్రైబర్. చాలా సంఘాల్లో జరిగే తప్పు ఏమిటంటే అందరూ ఒకే అడ్మిన్ పాస్‌వర్డ్ పంచుకోవడం. అది గ్రూపులో ఎవరో పెట్టేస్తారు, మూడేళ్ల క్రితం కార్యవర్గంలోంచి వెళ్లిపోయినాయన దగ్గరా అదే ఉంటుంది. ప్రతి మనిషికీ సొంత ఖాతా ఇవ్వండి. అడ్మిన్లు ఇద్దరే ఉండాలి, ఒక్కరు మాత్రం ఉండకూడదు.

కార్యదర్శి గారికి మొదట కంట్రిబ్యూటర్ ఇచ్చాను, జాగ్రత్తగా ఉన్నాననుకున్నాను. ఆయన రాయగలిగారు గానీ పోస్టర్ ఫొటో ఎక్కలేదు, ఎందుకంటే ఆ హోదాకు ఫైళ్లు అప్‌లోడ్ చేసే అనుమతి లేదు. తర్వాత ఆథర్ చేశాను. తాను పెట్టినవి మార్చగలరు, నేను పెట్టినవి మార్చలేరు. మృదంగం కథ మళ్లీ మొదటికొచ్చింది. చివరికి ఎడిటర్ ఇచ్చాను. పొరపాటున ఏదైనా చెరిపేస్తే అన్న టెన్షన్ ఉంది గానీ, చెరిపిన పోస్టులు, పేజీలు ట్రాష్‌లో 30 రోజులు ఉంటాయి, పాత రూపాలు రివిజన్లలో దొరుకుతాయి. దానికి తోడు సింపుల్ హిస్టరీ అనే ప్లగిన్ పెట్టండి. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో డైరీలా రాసిపెడుతుంది. నేరం మోపడానికి కాదు, “నేను ముట్టుకోలేదండీ” అన్న వాదనలు మొదలవ్వకుండా ఉండటానికి.

అడ్మిన్, ఎడిటర్ ఖాతాలన్నిటికీ టూ ఫ్యాక్టర్ ప్లగిన్‌తో రెండో తాళం వేయండి, ఫోన్‌లో వచ్చే కోడ్ కొడితేనే లోపలికి వెళ్లేలా. పెద్దవాళ్లకు మొదట చిరాకేస్తుంది. బ్యాంకు ఓటీపీ లాంటిదే అని చెబితే ఒప్పుకుంటారు.

ప్రకటనలు వాటంతట అవే సర్దుకునేలా

కచేరీలను మామూలు పోస్టులుగా పెడుతున్నారా? మానేయండి. ది ఈవెంట్స్ క్యాలెండర్ అనే ప్లగిన్‌లో తేదీ, సమయం, వేదిక విడివిడి గళ్లలో ఉంటాయి. కళాభారతి, గురజాడ కళాక్షేత్రం లాంటి వేదికల చిరునామా ఒకసారి నింపితే తర్వాత ఎంచుకోవడమే. అయిపోయిన కార్యక్రమం దానంతటదే పాతవాటి జాబితాలోకి పోతుంది. ఉగాది కచేరీ పోస్టర్ దసరా దాకా ముందు పేజీలో వేలాడే అవమానం తప్పుతుంది. ప్రతి వారం ఒకేలా వచ్చే కార్యక్రమాలు ఆటోమేటిక్‌గా పునరావృతం కావాలంటే మాత్రం డబ్బు కట్టే వెర్షన్ కావాలి. మేము నెలకో కాపీ చేసుకుంటాం, దానికి డబ్బు దండగ.

గాత్రం, వయొలిన్, మృదంగం, ఘటం పేర్లు రాయడానికి ప్లగిన్ కూడా అక్కర్లేదు. పేజీ రాసే తెరలోనే ఒక ప్యాటర్న్, అంటే మళ్లీ మళ్లీ వాడుకునే అచ్చు, తయారుచేసి దాచుకోండి. ఎడమవైపు వాద్యం పేరు, కుడివైపు ఖాళీ. కార్యదర్శి గారు ఆ ప్యాటర్న్ పెట్టి ఖాళీలు నింపుతారు. ఇదే పనికి అడ్వాన్స్‌డ్ కస్టమ్ ఫీల్డ్స్ వాడమని చాలామంది చెబుతారు. మంచి సాధనమే, కానీ అందులో నింపినవి సైట్‌లో కనబడాలంటే సైట్ రూపాన్ని నిర్ణయించే థీమ్‌లో చేయి పెట్టగలవాళ్లు ఉండాలి. మీ దగ్గర ఆ మనిషి లేకపోతే జోలికి పోవద్దు.

ఇంకో రెండు చిన్నవి. హాలు మారింది, పాస్‌లు అయిపోయాయి లాంటి గడువున్న నోటీసులకు పబ్లిష్‌ప్రెస్ ఫ్యూచర్ వాడితే చెప్పిన తేదీకి అవే దిగిపోతాయి. నియమావళి, దరఖాస్తు ఫారం లాంటి పీడీఎఫ్‌లు ఏటా మారేచోట ఎనేబుల్ మీడియా రీప్లేస్ పెట్టండి. పాత లింకు అలాగే ఉండి లోపలి ఫైల్ మాత్రం మారుతుంది. ఇది తెలియక మేము “దరఖాస్తు-కొత్తది-ఫైనల్-2” దాకా వెళ్లాం.

నిర్ణీత సమయానికి రావాల్సినవి అప్పుడప్పుడు ఆలస్యమైతే కంగారు పడకండి. వర్డ్‌ప్రెస్ గడియారం ఎవరైనా సైట్ తెరిచినప్పుడే కదులుతుంది. చూసేవాళ్లు తక్కువున్న సైట్‌లో అర్ధరాత్రి పని పొద్దున్నే ఎవరో వచ్చేదాకా ఆగుతుంది. హోస్టింగ్ వాళ్ల ప్యానెల్‌లో క్రాన్ జాబ్ (చెప్పిన సమయానికి పని నడిపే ఏర్పాటు) పెట్టమని అడిగితే సరిపోతుంది.

సభ్యులకు తలుపు

ఇక అసలు పని. రెండు దారులున్నాయి, మీకు ఏది కావాలో ఒక్క ప్రశ్న తేలుస్తుంది: సభ్యత్వానికి గడువు తేదీ ఉందా?

గడువు లేదు, చేరినవాళ్లందరూ శాశ్వత సభ్యులే అంటే మెంబర్స్ అనే ఉచిత ప్లగిన్ చాలు. కొత్త హోదా సృష్టించి దానికి “సభ్యులు” అని పేరు పెట్టండి, చదివే అనుమతి ఒక్కటే ఇవ్వండి. ఆ తర్వాత ఏ పేజీ రాస్తున్నా కింద కంటెంట్ పర్మిషన్స్ గడి కనిపిస్తుంది. అందులో ఏ హోదాలవాళ్లు చూడవచ్చో టిక్ పెడితే మిగతావాళ్లకు ఆ పేజీ మూసుకుపోతుంది.

ఏటేటా రెన్యువల్ ఉంటే పెయిడ్ మెంబర్‌షిప్స్ ప్రో తీసుకోండి. ప్రధాన ప్లగిన్ ఉచితమే, వాళ్ల సైట్ నుంచి దించుకుని జిప్ ఫైల్‌గా ఎక్కించవచ్చు. అందులో లెవెల్స్ తయారుచేయాలి. మాకు శాశ్వత, వార్షిక అని రెండే. వార్షికానికి ఒక సంవత్సరం గడువు పెడితే గడువుకు వారం ముందు సభ్యుడికి దానంతటదే మెయిల్ వెళ్తుంది. సభ్యుడు లాగిన్ అయి తన ఖాతా పేజీ చూస్తే గడువు తేదీ అక్కడే ఉంటుంది. నా కాగితంలోని మొదటి నంబర్ ప్రశ్న ఈ ఒక్క పేజీతో తీరిపోయింది. రెండు ప్లగిన్లూ పెట్టి ఒకే పేజీకి రెండు తాళాలు వేయకండి. ఎవరు ఎందుకు ఆగిపోయారో మీకే అర్థం కాదు.

రుసుము సంగతి. ఆన్‌లైన్ చెల్లింపుల గేట్‌వే పెట్టవచ్చు, కానీ రెండు మూడు వందల మంది ఉన్న సభకు నేను వద్దంటాను. బ్యాంకు ఖాతా పత్రాలు, కమిషన్, ఆగిపోయిన చెల్లింపుల గొడవ, ఇవన్నీ కోశాధికారి గారి నెత్తిన పడతాయి. పే బై చెక్ అని వాళ్లదే ఒక యాడ్-ఆన్ ఉంది. పేరు చెక్కే గానీ ఆ మాట మార్చి “యూపీఐ లేదా నగదు” అని రాసుకోవచ్చు. సభ్యుడు ఫారం నింపుతాడు, సభ క్యూఆర్ కోడ్‌కు డబ్బు పంపుతాడు, కోశాధికారి బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి ఆమోదిస్తారు. మనిషి ఒకరు చూసి ఒప్పుకోవడం మన సంఘాలకు సరిపడే పద్ధతి.

పాత సభ్యుల జాబితా ఎక్సెల్‌లో ఉంటుంది. ఒక్కొక్కరినీ కొట్టక్కర్లేదు, సీఎస్‌వీ (పట్టికను సాదా పాఠంగా దాచే ఫైల్) నుంచి యూజర్లను ఎక్కించే ప్లగిన్లు ఉన్నాయి. పని అయ్యాక దాన్ని తీసేయండి. ఎక్సెల్‌లో సేవ్ చేసేటప్పుడు సీఎస్‌వీ యూటీఎఫ్-8 అని ఉన్నదే ఎంచుకోండి, లేకపోతే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. ముందు ఐదుగురితో పరీక్షించండి, ఆ సమయంలో మెయిళ్లు పంపే ఆప్షన్ ఆపి ఉంచండి. నేను ఆపడం మరిచిపోయాను. రాత్రి పదకొండుకు అందరికీ “మీ ఖాతా సిద్ధం” అని వెళ్లింది, సైట్ మాత్రం సిద్ధంగా లేదు. మర్నాడు ఉదయం బీచ్ రోడ్డులో నడుస్తుంటే నలుగురు ఆపి అడిగారు.

ఇక్కడే ఇంకో చిక్కు వస్తుంది. వర్డ్‌ప్రెస్‌లో ఒక మెయిల్‌కు ఒకే ఖాతా. మా సభ్యుల్లో భార్యాభర్తలిద్దరికీ కలిపి ఒకే మెయిల్, అదీ అమెరికాలో ఉన్న అబ్బాయి చేసి ఇచ్చింది. కుటుంబానికి ఒక ఖాతా అని తీర్మానం చేసుకోవడం అన్నిటికంటే సులువు. ఇద్దరికీ విడిగా కావాల్సిందే అంటే జీమెయిల్‌లో పేరు తర్వాత కూడిక గుర్తు, ఏదో ఒక మాట చేర్చి రెండో చిరునామాలా వాడుకోవచ్చు. ఉత్తరం మాత్రం ఆ పాత డబ్బాలోకే వస్తుంది.

ఆ మెయిళ్లు స్పామ్‌లో పడకుండా చూడటం మీ పని. చవక హోస్టింగ్ నుంచి నేరుగా వెళ్లే పాస్‌వర్డ్ మెయిళ్లు చాలాసార్లు అందవు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ పంపేవాళ్ల డొమైన్‌ను, అంటే మెయిల్ చిరునామాలో @ తర్వాత ఉండే పేరును, ఇంకా గట్టిగా తనిఖీ చేస్తోంది. డబ్ల్యూపీ మెయిల్ ఎస్ఎమ్‌టీపీ ప్లగిన్ పెట్టి సభ అసలు మెయిల్ ఖాతా ద్వారా పంపండి. డొమైన్ సెట్టింగుల్లో, మెయిల్ నిజంగా అక్కడి నుంచే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు చేర్చమని హోస్టింగ్ వాళ్లను అడగండి. ఈ రెండు మాటలు చెబితే వాళ్లకు అర్థమవుతుంది.

పేజీకి వేసిన తాళం ఫైల్‌కు పడదు

ఈ భాగం తొందరపడకుండా చదవండి, దాదాపు అందరూ దెబ్బతినేది ఇక్కడే.

రికార్డింగుల పేజీకి తాళం వేశాను, బ్రౌజర్‌లో లాగిన్ లేని ప్రైవేట్ విండో తెరిచి చూశాను, “సభ్యులకు మాత్రమే” అని వచ్చింది. సంతోషించాను. నెల తిరక్కుండా మా సభ్యుడు కాని ఒక తెలిసినాయన ఫోన్‌లో మా కచేరీ మోగుతోంది. ఎవరో సభ్యుడు ఆడియో లింకును ఒత్తి పట్టుకుని కాపీ చేసి గ్రూపులో వేశాడు. వర్డ్‌ప్రెస్‌లో ఎక్కించిన ప్రతి ఫైలూ అప్‌లోడ్స్ అనే ఫోల్డర్‌లో కూర్చుంటుంది, దానికి సొంత చిరునామా ఉంటుంది. ఆ చిరునామా తెలిసినవాళ్లకు సర్వర్ నేరుగా ఫైల్ ఇచ్చేస్తుంది, మధ్యలో మీ ప్లగిన్‌ను అడగదు. ముందు గుమ్మానికి తాళం వేసి పెరటి తలుపు తీసి ఉంచడం అంటే ఇదే. లెక్కల పీడీఎఫ్ అయినా, మీటింగ్ మినిట్స్ అయినా అంతే.

దీనికి డౌన్‌లోడ్ మానిటర్ లాంటి ప్లగిన్ కావాలి. అది ఫైళ్లను వేరే ఫోల్డర్‌లో పెట్టి, నేరుగా అడిగితే ఇవ్వకుండా ఆపి, తన ద్వారానే ఇస్తుంది. ప్రతి ఫైల్ దగ్గరా మెంబర్స్ ఓన్లీ అని టిక్ ఉంటుంది. కానీ జాగ్రత్త, ఆ టిక్‌కు అర్థం “లాగిన్ అయినవాళ్లు” అని మాత్రమే. గడువు తీరిన సభ్యుడికి కూడా లాగిన్ పనిచేస్తూనే ఉంటుంది, కాబట్టి ఆయనకూ ఫైల్ దిగుతుంది. పెయిడ్ మెంబర్‌షిప్స్ ప్రో వాడుతుంటే ఈ రెండింటినీ కలిపే యాడ్-ఆన్ వాళ్ల దగ్గరే ఉంది, అది పెట్టుకుంటే లెవెల్ చూసి ఇస్తుంది. ఇంకోటి, ఫోల్డర్‌కు కాపలా కాసేది అపాచీ రకం సర్వర్లు చదివే ఒక చిన్న ఫైల్. మీ హోస్టింగ్ ఎన్‌జిన్‌ఎక్స్ అనే ఇంకో రకం సర్వర్ మీద ఉంటే అది పనిచేయదు, వాళ్లతో ఒక నియమం రాయించుకోవాలి. ఇదివరకే అప్‌లోడ్స్‌లో ఉన్న పాత ఫైళ్లను తీసి కొత్తచోటికి మార్చడం మరవకండి.

పరీక్ష ఇలా చేయండి. మీరు లాగిన్ అయి ఫైల్ లింకు కాపీ చేయండి. ప్రైవేట్ విండోలో అతికించండి. మోగితే తాళం లేదు. అదే విండోలో ఇంకో మూడు చూడండి: సైట్‌లోని వెతుకు పెట్టెలో ఆ పేజీలోని ఒక మాట కొట్టి లోపలి వాక్యాలు కనబడుతున్నాయేమో, సైట్ చిరునామా చివర ఫీడ్ (ఇంగ్లిషులో /feed) అని చేరిస్తే పూర్తి పాఠం వస్తోందేమో, గూగుల్‌లో ఆ పేజీ సారాంశం దొరుకుతోందేమో. నాలుగో పరీక్ష వేరే ఖాతాతో చేయాలి. గడువు తీరినట్టు ఒక ఉత్తుత్తి సభ్యుణ్ణి తయారుచేసి ఆ కళ్లతో సైట్ అంతా తిరగండి.

పేజీల కాపీలు ముందే తీసి ఉంచి వేగంగా చూపే క్యాష్ ప్లగిన్ ఉంటే లాగిన్ అయినవాళ్ల పేజీల కాపీలు ఉంచవద్దని అందులో టిక్ పెట్టండి. లేకపోతే ఒక సభ్యుడికి తయారైన పేజీ ఇంకొకరికి కనబడే ప్రమాదం ఉంది. “నమస్కారం” పక్కన వేరేవాళ్ల పేరు చూసి భయపడి ఫోన్ చేస్తారు.

ఎంత చేసినా సభ్యుడే దించుకుని పంచితే ఏ ప్లగినూ ఆపలేదు. అందుకని పాడినవారి దగ్గర, వాయించినవారి దగ్గర రికార్డింగ్ సభ్యులకు వినిపించడానికి ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. కాపీరైట్ చట్టం ప్రదర్శించినవారికీ హక్కు ఇస్తుంది. కార్యవర్గం మినిట్స్‌ను వర్డ్‌ప్రెస్‌లోనే ప్రైవేట్ అని పెడితే ఎడిటర్లకు, అడ్మిన్లకు తప్ప కనబడవు. పీడీఎఫ్ జతచేయకుండా పేజీలోనే రాస్తే పెరటి తలుపు గొడవే ఉండదు.

సభ్యుల ఫోన్ నంబర్ల డైరెక్టరీ పెట్టమని అడుగుతారు. ఒప్పుకున్నవాళ్లవే, సభ్యులకు మాత్రమే కనబడేలా పెట్టండి. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది. పుట్టినరోజు, ఆధార్ లాంటివి ఊరికే అడిగి దాచుకోకండి. ఎవరైనా తమ వివరాలు తీసేయమంటే టూల్స్ మెనూలో ఎరేజ్ పర్సనల్ డేటా అని వర్డ్‌ప్రెస్‌లోనే ఉంది.

చెడినప్పుడు

ఏదో ఒక అప్‌డేట్ తర్వాత సైట్ తెల్లగా అయిపోతుంది. అప్పుడు అడ్మిన్ మెయిల్ చూడండి. ఏ ప్లగిన్ వల్ల ఆగిందో చెబుతూ రికవరీ లింకు వస్తుంది, దాంతో లోపలికి వెళ్లి ఆ ప్లగిన్ ఆపేయవచ్చు. మెయిల్ రాకపోతే హోస్టింగ్ ఫైల్ మేనేజర్‌లో ఆ ప్లగిన్ ఫోల్డర్ పేరు మార్చండి, అది దానంతటదే ఆగిపోతుంది. అప్‌డేట్లను కచేరీ వారంలో ముట్టుకోకండి. సోమవారం ఉదయం, బ్యాకప్ అయ్యాక, ఒక్కొక్కటిగా చేయండి.

సభ్యులకు లాగిన్ నేర్పడానికి వీడియోలు చేశాను, ఎవరూ చూడలేదు. పనిచేసింది హాలు గుమ్మం దగ్గర పెట్టిన బల్ల. కచేరీకి గంట ముందు ఒక ట్యాబ్, డిగ్రీ చదువుతున్న ఇద్దరు పిల్లలు, పెద్ద అక్షరాల్లో ముద్రించిన ఒక్క పేజీ కాగితం. సభ్యుల ఫోన్‌లోనే లాగిన్ చేయించి, హోమ్ స్క్రీన్ మీద సైట్ గుర్తు పెట్టించి పంపారు. మూడు కచేరీల్లో చాలామంది అయిపోయారు. మిగిలినవాళ్లకు కావాల్సింది మేము ఫోన్‌లోనే చెబుతాం, వాళ్లను బలవంతపెట్టలేదు.

చివరిగా ఒక కవరు తయారుచేయండి. డొమైన్ ఎవరి పేరున ఉంది, ఎప్పుడు రెన్యువల్, హోస్టింగ్ ఖాతా ఏ మెయిల్‌తో ఉంది, బ్యాకప్ ఏ డ్రైవ్‌లో ఉంది, రెండో అడ్మిన్ ఎవరు, ఏ ప్లగిన్ ఎందుకు పెట్టారు. డొమైన్ మీ సొంత పేరున ఉంటే ఈ వారమే సభ పేరుకు, సభ మెయిల్‌కు మార్చండి. పాస్‌వర్డ్‌లు అందులో రాయకండి, అవి ఎక్కడ దొరుకుతాయో మాత్రం రాయండి. కవరు కార్యదర్శి గారి బీరువాలో, మినిట్స్ పుస్తకం పక్కన ఉండాలి.